ఎమ్మారైకి రేడియో సంకేతం – మూడో పాఠం: సున్నా చేయకూడని రిజిస్టరు

ఒడియా మాధ్యమంలో చదువుకుని ఇంట్లో తెలుగు మాట్లాడే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ విద్యార్థుల కోసం మొదలుపెట్టిన ఈ పాఠాలలో, హైడ్రోజన్ కేంద్రకం ఒక టెస్లా క్షేత్రంలో సుమారు 42.58 మెగాహెర్ట్జ్ వద్ద అనునాదం చెందుతుందని కిందటిసారి చూశాము. 50 మిల్లీటెస్లాల చిన్న అయస్కాంతానికి అది దాదాపు 2.13 మెగాహెర్ట్జ్. ఆ తరంగాన్ని, లోపలి సర్క్యూట్‌ను మనకు కావలసినట్టు అమర్చుకోగల చిప్ అయిన ఎఫ్‌పీజీఏలో పుట్టించడం నేటి పని.

జగన్నాథుని గుడి చుట్టూ ప్రదక్షిణ చేస్తున్న భక్తుడిని ఊహించుకోండి. ప్రదక్షిణ మార్గాన్ని 2 ఘాతం 32, అంటే 4,29,49,67,296 భాగాలు చేశామనీ, క్లాక్ కొట్టిన ప్రతిసారీ అతడు ఒక అడుగు వేస్తాడనీ అనుకుందాం. అడుగు ఎంత పెద్దదైతే ప్రదక్షిణ అంత త్వరగా పూర్తవుతుంది. సింహద్వారం దాటినపుడు అతడు ఆగి మళ్లీ మొదలుపెట్టడు, దాటిన మేరను అలాగే ఉంచుకుని సాగిపోతాడు. 32 బిట్ల ఫేజ్ అక్యుమ్యులేటర్, అంటే తరంగం దశను కూడుతూ పోయే రిజిస్టరు, చేసేది సరిగ్గా ఇదే. క్లాక్ 125 మెగాహెర్ట్జ్ అయితే 2.13 మెగాహెర్ట్జ్‌కు కావలసిన అడుగు 7,31,86,243. అడుగును ఒక్కటి మార్చితే పౌనఃపున్యం 0.029 హెర్ట్జ్ మాత్రమే మారుతుంది.

రిజిస్టరులోని పై 12 బిట్లతో సైన్ పట్టికను చదివి, ఆ విలువను, అంకెను వోల్టేజీగా మార్చే డాక్‌కు పంపాలి. పట్టికలో పావు తరంగం చాలు, మిగతాది సౌష్ఠవంతో వస్తుంది. కింది బిట్లను వదిలేయడం వలన పుట్టే అవాంఛిత తరంగాలు ప్రధాన తరంగం కన్నా దాదాపు 72 డెసిబెల్స్ కింద ఉంటాయి కనుక ప్రస్తుతానికి పట్టించుకోనక్కరలేదు.

పట్టించుకోవలసినది వేరే ఉంది. పల్స్, అంటే కేంద్రకాలకు పంపే చిన్న తరంగపు తునక, మొదలైన ప్రతిసారీ రిజిస్టరును సున్నా చేయడం చక్కని అలవాటులా కనబడుతుంది. నేనూ అలాగే రాశాను. కేంద్రకాల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనిని అందుకునే గ్రాహకం వాడే రిజిస్టరు మాత్రం ఆగకుండా నడుస్తూ ఉండేది. నీళ్ల సీసా చిత్రం దశ-సంకేత దిశలో (ఒక్కో పల్సుకు ఒక్కో వరుసగా కొలిచే దిశలో) పావు వంతు పక్కకు జరిగి వచ్చింది. క్షేత్రాన్ని చోటును బట్టి మార్చే గ్రేడియంట్ కాయిల్ మీద అనుమానంతో రెండు రోజులు వృథా చేశాను. తరువాత లెక్క వేస్తే తెలిసింది: 21,30,000.5 హెర్ట్జ్ తరంగం, పల్సుల మధ్య 500 మిల్లీసెకన్ల విరామంలో 10,65,000 పూర్తి చుట్లకు పైన ఇంకో పావు చుట్టు తిరుగుతుంది. నేను ప్రసార దశను ప్రతిసారీ సున్నా నుంచి మొదలుపెడుతున్నాను గనుక గ్రాహకానికి ఒక్కో ప్రతిధ్వని ముందుదాని కన్నా 90 డిగ్రీలు తప్పి వినిపించింది. ఆ అర హెర్ట్జ్ లేకుంటే తప్పు దాదాపు కనబడేదే కాదు, అదే దీనిలోని మాయ. విరామం కూడా నిలకడగా లేకుంటే చిత్రం జరగడంతో పోదు, చెరిగిపోతుంది.

కాబట్టి రిజిస్టరును ఆపవద్దు. పల్స్ ఆకారాన్ని సైన్ విలువకు గుణకంగా ఇచ్చి, విరామంలో ఆ గుణకాన్ని సున్నా చేయండి. ప్రసారానికీ గ్రాహకానికీ ఒకే రిజిస్టరును వాడండి.

అభ్యాసం: ఆంప్లిఫయర్, కాయిల్ ఏవీ కలపకుండా, సంకేత స్థాయి ఇన్‌పుట్ హద్దులో ఉందని చూసుకుని, ఔట్‌పుట్‌ను చిన్న కోయాక్సియల్ కేబుల్‌తో ఇన్‌పుట్‌కు కలపండి. అడుగును 7,31,86,260గా పెట్టి, 500 మిల్లీసెకన్ల విరామంతో ఎనిమిది పల్సులు పంపి, గ్రహించిన దశలను వరుసగా రాసుకోండి. మొదట రిజిస్టరును సున్నా చేస్తూ, తరువాత చేయకుండా. రెండు వరుసలూ దగ్గర ఉంచుకోండి, నాలుగో పాఠం వాటితోనే మొదలవుతుంది.