విలేకరి కావాలంటే – 4వ పాఠం: ఎవరా ‘ప్రజలు’?

ఈసారి ఇంటర్వ్యూ గురించి చెబుతానన్నాను. అది వాయిదా. మీరు రాసి పంపిన కాపీలు (వార్తలు) చదివాక ముందు తేల్చుకోవలసింది ఇంకొకటి కనబడింది.

మీ ఊళ్లో మురుగుకాలువ మీద 120 పదాల ఐటెం, అంటే చిన్న వార్త, అడిగాను. 23 వచ్చాయి. ఇంట్రోలు, అంటే మొదటి వాక్యాలు, బాగున్నాయి, వాటి జోలికి పోను. చివరి వాక్యం మాత్రం 19 కాపీల్లో ఒకటే: ‘ఇప్పటికైనా అధికారులు స్పందించి తగు చర్యలు తీసుకోవాలని ప్రజలు కోరుతున్నారు.’ కడప నుంచి వచ్చిందీ ఇదే, కరీంనగర్ నుంచి వచ్చిందీ ఇదే. మిగతా నాలుగింటిలో ఒకరు ‘ప్రజలు’ తీసేసి ‘స్థానికులు’ అని పెట్టారు. తెలివే.

తప్పు కొంత నాది. సమస్య చెప్పి వదిలేయకండి అని పోయిన పాఠంలో రాసింది నేనే. దానికి మీకు దొరికిన దగ్గరిదారి ఇది.

ఆ వాక్యాన్ని ఒకసారి విప్పి చూడండి. ఏ ప్రజలు? ఎప్పుడు కోరారు? నోటితోనా, కాగితం మీదా? అధికారి అంటే పంచాయతీ కార్యదర్శా, మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీవో)నా? ‘తగు చర్యలు’ అంటే పూడిక తీయడమా, కొత్త కాలువ కట్టడమా? పూడిక తీయడానికి నలుగురు కూలీలు చాలు. కొత్త కాలువకు అంచనాలు, మంజూరు, నిధులు కావాలి. ఈ రెండూ కలిపేసిన వార్తకు జవాబు చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. అందుకే ఆ వాక్యమంటే అధికారులకు భలే ఇష్టం.

నేనూ రాశాను. కంట్రిబ్యూటర్‌గా, అంటే స్టాఫ్‌లో లేని విలేకరిగా, చేరిన కొత్తలో అలాంటి ఐటెం సింగిల్ కాలమ్‌లో వచ్చింది. పేపరు పట్టుకుని ఆఫీసుకెళితే అక్కడి అధికారి, “ఎవరు బాబూ కోరుతోంది? పేరు చెప్పు, రేపే మనుషుల్ని పంపిస్తా” అన్నాడు. నా దగ్గర పేరు లేదు. ఆ కాలువ నా అద్దెగది వెనకాలే ఉండేది. కోరుతున్న ప్రజలంటే నేనే.

ఇక ఎలా రాయాలో. కాలువ పక్కన టీ కొట్టు నడిపే ఆవిడ జూన్‌లో అర్జీ ఇచ్చిందనుకుందాం. ఆమె పేరు రాయండి, అర్జీ తేదీ రాయండి. అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చి ఉంటే రసీదు అడిగి చూడండి, నంబరు నోట్ చేసుకోండి. తర్వాత కార్యదర్శిని అడగండి. ‘కూలీలు దొరకడం లేదు’ అంటే అదే రాసి ఆపేయండి. కోరిక మీరు రాయనక్కర్లేదు, చదివేవాడికి తెలుస్తుంది.

డబ్బు మాట వస్తే ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్ తెరవండి. పంచాయతీ ప్రణాళిక, చెల్లింపులు అందులో ఉంటాయి. పారిశుద్ధ్యం కింద ఎంత చూపించారో చూసుకుని వెళితే కార్యదర్శి మాట తీరే మారుతుంది. అక్కడ దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు. గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. నేనైతే దరఖాస్తులో ఒక్క ప్రశ్నే రాస్తాను. పది రాస్తే వాళ్లు తేలికైన తొమ్మిదింటికి జవాబిస్తారు.

పేరు రాయమన్నాను కదా అని అన్నిచోట్లా రాయకండి. లైంగిక నేరాల బాధితుల పేర్లు ప్రచురిస్తే భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఉంది. పేరు లేకపోయినా ఊరు, బడి, తండ్రి వృత్తి కలిపి రాస్తే గుర్తుపట్టేస్తారు. అదీ కుదరదు.

ఒకరు అడిగారు: ‘సార్, మురుగుకాలువలతో స్టాఫ్ ఉద్యోగం వస్తుందా?’ రాత్రి డెస్క్‌లో కూర్చుని వార్తలు దిద్దేవాడికి పేజీ వదలాల్సిన టైం ముంచుకొస్తుంటుంది. పేరు లేదనీ, తేదీ లేదనీ ఫోన్ చేయించే కాపీని పక్కన పడేస్తాడు. ఫోన్ చేయనక్కర్లేని కాపీ ఎవరు పంపారో గుర్తుపెట్టుకుంటాడు. స్టాఫ్‌లో ఖాళీ వచ్చినప్పుడు అతన్నే అడుగుతారు. లైన్ అకౌంట్ డబ్బుల (అచ్చయిన లైన్ల లెక్కన ఇచ్చేవి) మీద ఆశ పెట్టుకోకండి, పెట్రోలుకు సరిపోతే గొప్ప. ఇంట్లో ఈ సంగతి ముందే చెప్పేయండి.

ఇంకో మాట, ఫోన్లో రికార్డు చేసుకున్నా నోట్‌బుక్ వదలకండి. నేను పెన్సిల్ వాడతాను, వానలో తడిసినా అక్షరం చెదరదు.

అభ్యాసం: వచ్చే వారం రోజులూ మండల కార్యాలయానికి రోజూ వెళ్లండి. మొదటి మూడు రోజులు వార్త అడగొద్దు. అటెండరుతో, రికార్డు అసిస్టెంటుతో పరిచయం పెంచుకోండి. ఎవరి బల్ల మీద ఏ ఫైలు ఉంటుందో తెలుసుకోండి. ఆ తర్వాత పోయినసారి రాసిన కాలువ ఐటెమే మళ్లీ రాయండి. ముగ్గురి పేర్లు, రెండు తేదీలు, ఒక అంకె ఉండాలి. పదాలు 120 దాటొద్దు. ‘కోరుతున్నారు’ కనిపిస్తే ఆపైన చదవను.