పదిహేను రోజుల పనామా క్రూయిజ్: ఓడలో రోజులు, రేవుల్లో పూటలు ఎలా గడపాలి?

అమెరికాలో పిల్లల దగ్గరికి వచ్చి నాలుగైదు నెలలుండే అమ్మానాన్నలతో కలిసి వెళ్ళడానికి నాకు బాగా నచ్చిన ప్రయాణం ఇది. ఫ్లోరిడాలో ఓడ ఎక్కి, కొలంబియాలో కార్టహేనా చూసి, పనామా కాలువ దాటి, కోస్టారికా, గ్వాటెమాలా, మెక్సికో రేవుల మీదుగా కాలిఫోర్నియాలో దిగుతారు. మొత్తం రెండు వారాల పైచిలుకు. అందులో సుమారు సగం రోజులు ఎక్కడా ఆగకుండా సముద్రం మీదే గడుస్తాయి. చాలామంది రేవుల్లో ఏం చూడాలో మాత్రమే ప్లాన్ చేసుకుంటారు. సముద్రం మీద గడిపే రోజులను ముందు సర్దుకుంటే రేవులు వాటంతటవే బాగుంటాయి.

1. ముందు కాగితాలు, టీకా

ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకి అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీ అయి ఉండాలి, ఎందుకంటే చివర్లో మళ్ళీ అమెరికాలోనే అడుగు పెడతారు. దారిలో వచ్చే ప్రతి దేశం నిబంధన ఏమిటో టికెట్ కొనకముందే క్రూయిజ్ కంపెనీని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. ఒక్క దేశానికి వీసా సరిగా లేకపోయినా ఓడ ఎక్కనివ్వకపోవచ్చు.

మనవాళ్ళు ఎక్కువగా మరిచిపోయేది ఎల్లో ఫీవర్ టీకా. ఇండియా దృష్టిలో కొలంబియా, పనామా ఈ జ్వరం ఉన్న దేశాలు. అక్కడినుంచి బయల్దేరిన 6 రోజుల్లోపు ఇండియాలో దిగితే సర్టిఫికెట్ చూపించాలి, లేకపోతే క్వారంటైన్‌లో పెడతారు. సర్టిఫికెట్ టీకా వేసుకున్న 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. అరవై దాటినవాళ్ళు తమ డాక్టర్‌ని అడిగాకే వేయించుకోవాలి. ఈ దారిలో కొన్ని దేశాలు కూడా సర్టిఫికెట్ అడగొచ్చు, అది కూడా కంపెనీని అడిగి తెలుసుకోండి.

ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి. ఓడలో డాక్టర్ ఉంటారు గానీ బిల్లు గట్టిగానే పడుతుంది. ఓడ నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చు కూడా పాలసీలో ఉందో లేదో చూసుకోండి.

2. క్యాబిన్, పెట్టె

కడుపులో తిప్పే అలవాటు ఉంటే ఓడ మధ్య భాగంలో, కింది డెక్‌లో క్యాబిన్ తీసుకోండి. ఊపు అక్కడ తక్కువ. గ్వాటెమాలా దాటాక తెహువాంటెపెక్ సింధుశాఖ వస్తుంది. చలికాలంలో అక్కడ గాలి చాలా జోరుగా వీస్తుంది. మాత్ర వేసుకునేవాళ్ళు ఓడ ఊగడం మొదలుకాకముందే వేసుకోవాలి, వాంతులు మొదలయ్యాక అంతగా పనిచేయదు.

రైస్ కుక్కర్, కెటిల్, ఇస్త్రీ పెట్టె తీసుకెళ్ళనివ్వరు. పచ్చళ్ళు, పొడులు సీల్ చేసిన ప్యాకెట్లలో ఉంటే మంచిది. క్యాబిన్ గోడలు ఇనుపవి కాబట్టి మాగ్నెట్ కొక్కేలు నాలుగు పెట్టుకుంటే తడి తువ్వాళ్ళు, టోపీలు, చేతిసంచులు తగిలించుకోవచ్చు. బట్టలు వారానికి సరిపడా చాలు. ఓడలో లాండ్రీ ఉంటుంది.

3. ఎక్కిన రోజు

ముందు మస్టర్ డ్రిల్. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో చూపిస్తారు. ఏడు చిన్న కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అక్కడికి వెళ్ళాలి. ఇంట్లో పెద్దవాళ్ళని ఆ చోటుకి ఒకసారి నడిపించి చూపించండి. తర్వాత ఫోన్లు ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే సముద్రం మీద ఓడ సిగ్నల్ పట్టుకుని బిల్లు వాచిపోతుంది.

4. సముద్రం మీద రోజులు

పొద్దున్నే డెక్ మీద నడక, మధ్యాహ్నం ఒక కునుకు, సాయంత్రం ఒకే ఒక కార్యక్రమం. అంతకంటే ఎక్కువ పెట్టుకోకండి. రోజూ గుమ్మం దగ్గరో, ఫోన్ యాప్‌లోనో కార్యక్రమాల పట్టిక వస్తుంది. అన్నిటికీ పరుగెత్తినవాళ్ళు ఐదో రోజుకే నీరసపడిపోతారు.

ఓడ పడమటికి వెళ్తుంది కాబట్టి కొన్ని రాత్రులు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. ఫ్లోరిడాకీ కాలిఫోర్నియాకీ తేడా మూడు గంటలు. బీపీ, షుగర్ మాత్రల వేళలు ఎలా మార్చుకోవాలో బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి.

తిండి గురించి టెన్షన్ అక్కర్లేదు, కానీ అడగాలి. రాత్రి భోజనానికి కూర్చున్నప్పుడే హెడ్ వెయిటర్‌కి రేపటి సంగతి చెప్పండి. పెద్ద ఓడల వంటగదుల్లో మనదేశం వాళ్ళు చాలామంది పనిచేస్తారు, పప్పు, కూర, అన్నం మరుసటి రోజుకి చేసి పెడతారు. వెజిటేరియన్ అని ఊరుకోకండి. మాంసం, చేప, గుడ్డు వద్దని విడివిడిగా చెప్పండి. సూప్ చికెన్ నీళ్ళతో చేసిందేమో కూడా అడగండి. బఫేకి వెళ్ళే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్‌కి శానిటైజర్ సరిగా పనిచేయదు.

5. కాలువ రోజు

ఈ ఒక్క రోజుకి మాత్రం అలారం పెట్టుకోండి. ఓడ తెల్లవారే వేళకే గాటూన్ లాక్‌ల దగ్గరికి చేరుతుంది. లాక్ అంటే ఓడని పైకి లేపడానికి, కిందికి దించడానికి నీళ్ళు నింపి, వదిలే తలుపుల గది. ముందు వైపు డెక్ మీద చోటు దొరకాలంటే అప్పటికే అక్కడుండాలి. 1914 ఆగస్టు 15న తెరిచిన ఈ కాలువ పొడవు సుమారు 82 కిలోమీటర్లు. మూడు మెట్లలో నీళ్ళు నింపుకుంటూ ఓడని 26 మీటర్ల ఎత్తున ఉన్న గాటూన్ సరస్సులోకి లేపుతారు. అవతలి వైపు పెద్రో మిగేల్, మిరాఫ్లోరెస్ లాక్‌లలో మళ్ళీ దించుతారు. మోటార్లతో తోడకుండా, పైనుంచి కిందికి పారే నీటితోనే ఇదంతా జరుగుతుంది.

పాత లాక్‌ల వెడల్పు 33.5 మీటర్లు. వాటికి సరిపోయేలా కట్టిన ఓడ వెడల్పు 32 మీటర్ల పైమాటే. అందుకే పైన కాసేపు చూశాక ఒకసారి కింది డెక్‌కి దిగండి. తడిసిన కాంక్రీటు గోడ, దాని మీద పాకిన నాచు, పాత గీతలు మీ ముఖానికి రెండడుగుల దూరంలో ఉంటాయి. చూస్తుండగానే ఆ గోడ మెల్లగా కిందికి జారిపోతుంది, అంటే మీరు పైకి లేస్తున్నారన్నమాట. లాక్ మొదట్లో ఇద్దరు మనుషులు చిన్న తెడ్ల పడవలో వచ్చి ఓడ తాడు అందుకునే దృశ్యం కూడా చూడండి. ఆ తర్వాత గట్టు మీద పట్టాలపై నడిచే ఇంజన్లు ఓడ గోడలకి తగలకుండా మధ్యలో పట్టి ఉంచుతాయి. 2016లో తెరిచిన కొత్త లాక్‌ల గుండా వెళ్ళే పెద్ద ఓడలకి ఈ ఇంజన్లు ఉండవు, టగ్ బోట్లు ఉంటాయి. మీ ఓడ ఏ దారిన వెళ్తుందో ముందే తెలుసుకోండి. నన్నడిగితే పాత దారే ఎంచుకోమంటాను.

దాటడానికి ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. టోపీ, నీళ్ళ సీసా దగ్గర పెట్టుకోండి. మధ్యాహ్నం సరస్సు మీద ఉన్నప్పుడు పెద్దవాళ్ళు హాయిగా పడుకోవచ్చు, మిరాఫ్లోరెస్‌కి లేపితే చాలు.

6. రేవుల్లో

రేవుకి ఒక్క పని. ఇది గట్టి నియమంగా పెట్టుకోండి. ఓడ ఆగేది కొన్ని గంటలే. తిరిగి ఎక్కాల్సిన సమయం గేటు దగ్గర రాసి ఉంటుంది, అది ఓడ గడియారం ప్రకారం. ఫోన్ ఊరి టైమ్‌కి మారిపోతుంది కాబట్టి చేతికి ఒక వాచీ పెట్టుకుని దాన్ని ఎప్పుడూ ఓడ టైమ్‌కే ఉంచండి. కంపెనీ టూర్ బస్సు ఆలస్యమైతే ఓడ సాధారణంగా ఆగుతుంది. సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు.

అందుకే దూరాన్ని బట్టి నిర్ణయించుకోండి. గ్వాటెమాలాలో ప్వెర్తో కెట్సాల్ నుంచి ఆంటిగ్వాకి గంటన్నర నుంచి రెండు గంటల దారి, ట్రాఫిక్ ఎలా ఉంటుందో చెప్పలేం. అక్కడ కంపెనీ బస్సే మేలు. 1773 భూకంపాల దాకా రాజధానిగా ఉన్న ఊరు అది, రాళ్ళు పరిచిన వీధి చివర ఆగువా అగ్నిపర్వతం నిలబడి కనిపిస్తుంది. కార్టహేనాలో కోట ఊరు దగ్గరే, టాక్సీ చాలు. ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి. ఎండ మాడ్చేస్తుంది కాబట్టి పొద్దున్నే వెళ్ళి వచ్చేయండి. నడవలేనివాళ్ళు రేవు ఆవరణలోనే ఉన్న చిలకలు, నెమళ్ళ తోటలో కూర్చోవచ్చు. మెక్సికోలోని వువాతుల్కోలో రేవు దిగితే ఊరే, ఏ టూరూ అక్కర్లేదు. మెక్సికోలోనే ఉన్న కాబో సాన్ లూకాస్‌లో ఓడ సముద్రంలోనే ఆగి, చిన్న పడవల్లో ఒడ్డుకి తీసుకెళ్తారు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పడవలోకి దిగగలరో లేదో చూసుకోవాలి. దిగకపోయినా అక్కడ సముద్రంలో ఉన్న పేరుమోసిన రాతి తోరణం సాధారణంగా డెక్ మీద నుంచే కనిపిస్తుంది.

దిగేటప్పుడు ఓడ కార్డు, గుర్తింపు కార్డు, కొన్ని చిన్న డాలర్ నోట్లు, రేవు ఏజెంట్ (ఆ రేవులో ఓడ కంపెనీ తరఫు మనిషి) ఫోన్ నంబర్ దగ్గర ఉండాలి. పాస్‌పోర్ట్ వెంట ఉంచుకోవాలా, క్యాబిన్‌లో పెట్టాలా అనేది ప్రతి రేవుకి ముందు ఓడవాళ్ళే చెబుతారు.

7. దిగే ముందు రాత్రి

పెట్టెలు రాత్రే క్యాబిన్ బయట పెట్టమంటారు. మాత్రలు, కాగితాలు, మర్నాటి బట్టలు, చెప్పులు చేతిసంచిలో పెట్టుకున్నాకే పెట్టె మూయండి. బిల్లు ఆ రాత్రే చూసుకోండి. రోజువారీ టిప్పు మనిషికి ఇంత చొప్పున సాధారణంగా అందులో కలిపే ఉంటుంది. తప్పు కనిపిస్తే పొద్దున క్యూ పెరగకముందే కౌంటర్ దగ్గర అడగండి. బఫేలో తీసుకున్న పండ్లు సంచిలో ఉంటే తీసేయండి, అమెరికా కస్టమ్స్ వాళ్ళు ఒప్పుకోరు. మిగిలిన పచ్చడి ప్యాకెట్లు ఉంటే అడగకముందే చెప్పేయండి.