మూడు లినక్స్ సర్వర్లు, ఒకటే షేర్: గ్లస్టర్, సీటీడీబీ, సాంబా

విశాఖలో, మధురవాడలోనో ద్వారకానగర్‌లోనో చిన్న ఆఫీసులో ఫైల్ సర్వర్ ఒక్కటే ఉంటే, అది పడుకున్న రోజు అందరి పనీ ఆగినట్టే. మూడు మెషీన్లు పెట్టండి: ఫైళ్లని మూడింటిలోనూ కాపీలుగా ఉంచేది గ్లస్టర్, వాటిని యూజర్లకి నెట్‌వర్క్ షేర్‌గా చూపేది సాంబా, ఒక సర్వర్ పడితే దాని ఐపీని ఇంకోదానికి అప్పగించేది సీటీడీబీ. రెండే పెడితే మధ్యలో నెట్‌వర్క్ తెగినప్పుడు ఎవరి దగ్గరున్న కాపీ సరైనదో తేలక స్ప్లిట్ బ్రెయిన్ అవుతుంది, దాన్ని విడదీయడం నరకం.

ముందు క్రోనీ అనే టైమ్ సరిచేసే ప్రోగ్రామ్‌తో మూడింటి టైమ్ కలపండి. ఒక్కోదాంట్లో విడి డిస్క్‌ని ఎక్స్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్‌గా ఫార్మాట్ చేసి, గ్లస్టర్ పీర్ ప్రోబ్ కమాండ్‌తో సర్వర్లని జతచేసి, రెప్లికా 3 వాల్యూమ్ (ప్రతి ఫైలూ మూడు చోట్లా ఉండే ఉమ్మడి డిస్క్ లాంటిది) చేయండి. ఫైళ్లు ఎప్పుడూ మౌంట్ చేసిన వాల్యూమ్‌లోనే రాయాలి, బ్రిక్ ఫోల్డర్‌లోకి (ఒక్కో సర్వర్ డిస్క్‌లో గ్లస్టర్ తన డేటా పెట్టుకునే చోటు) నేరుగా వద్దే వద్దు.

ఇక అసలు పని సీటీడీబీది. నోడ్స్ ఫైల్‌లో సర్వర్లు (నోడ్స్ అంటే ఇవే) తమలో తాము మాట్లాడుకునే లోపలి ఐపీలు లైనుకొకటి రాయండి, వరస మూడు చోట్లా అచ్చు ఒకేలా ఉండాలి. యూజర్లు వాడే ఐపీలు పబ్లిక్ అడ్రసెస్ ఫైల్‌లో ఇవ్వండి. రికవరీ లాక్ ఫైల్ (ఒకేసారి రెండు నోడ్లు పెత్తనం చేయకుండా ఆపేది) ఉమ్మడి వాల్యూమ్ మీద ఉండాలి. సాంబాలో క్లస్టరింగ్ ఆన్ చేసి, సిస్టమ్‌డీలో (సర్వర్ ఆన్ కాగానే సర్వీసులని లేపే లినక్స్ భాగం) మాత్రం సాంబాని డిజేబుల్ చేయండి, దాన్ని లేపేది సీటీడీబీయే. 4379 పోర్టు సర్వర్ల మధ్య తెరిచి ఉండాలి.

తర్వాత పెద్ద ఫైల్ కాపీ అవుతుండగా ఒక సర్వర్ ప్లగ్ పీకి చూడండి. దాని ఐపీ ఇంకో నోడ్‌కి వెళ్తుంది, కానీ గ్లస్టర్ పింగ్ టైమౌట్ (జవాబివ్వని సర్వర్ కోసం ఆగే సమయం) డిఫాల్ట్‌గా 42 సెకన్లు కాబట్టి కాపీ కాసేపు బిగుసుకుంటుంది, టెన్షన్ పడకండి.

ఇది బ్యాకప్ కాదు. 2014లో హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరు మనది, ఒక కాపీ విశాఖ బయట ఉంచండి.