లైప్‌జిగ్‌లో శని, ఆదివారాలు సరదాగా గడపడం ఎలా?

ఎంఎస్‌కి జర్మనీ వచ్చిన మనవాళ్ళు సెలవు దొరకగానే పారిస్‌కో ప్రాగ్‌కో బస్సెక్కేస్తారు. నేనూ అదే చేశాను. బెర్లిన్ నుంచి ఐసీఈ అనే వేగమైన రైల్లో గంటా పావు దూరంలో ఉన్న లైప్‌జిగ్‌ని రెండేళ్ళు పట్టించుకోలేదు. ఇప్పుడు ఎవరడిగినా ముందు అక్కడికే పంపిస్తున్నాను. పాత ఊరంతా స్టేషన్ నుంచి నడిచి చూసేయొచ్చు. కాకపోతే ఇక్కడ సరదా కూడా గడియారం చూసుకునే పడాలి, అందుకే ఇదంతా రాస్తున్నాను.

1. శనివారం ఉదయం: టికెట్టు, సరుకులు

నెలవారీ డాయిష్‌లాండ్ టికెట్ ఉంటే (2026 జనవరి నుంచి 63 యూరోలు) ఊళ్ళో ట్రామ్‌లకీ, ప్రాంతీయ రైళ్ళకీ అదే చాలు. ఐసీఈలో మాత్రం చెల్లదు. టికెట్టు లేకుండా దొరికితే 60 యూరోల జరిమానా. కొత్తవాళ్ళం అని బతిమాలినా కనికరించరు.

ఆదివారం సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. నాకిది ఒక ఆదివారం సాయంత్రం, ఇంట్లో ఒక ఉల్లిపాయా సగం బ్రెడ్డూ మాత్రమే మిగిలినప్పుడు తెలిసింది. కాబట్టి నీళ్ళు, పళ్ళు, రొట్టె శనివారమే కొనేయండి. మరీ అవసరమైతే పెద్ద స్టేషన్ లోపలి దుకాణాల్లో కొన్ని తెరిచి ఉంటాయి.

2. మధ్యాహ్నం 3 గంటలు: తోమస్ చర్చిలో పాట

ఈ ఊరికి శనివారమే వెళ్ళమనడానికి కారణం ఇదే. 1212 నుంచి ఉన్న తోమానర్ బాలుర గాయక బృందం శుక్రవారం సాయంత్రం 6కి, శనివారం మధ్యాహ్నం 3కి ఈ చర్చిలో పాడుతుంది. దీన్ని 'మొటెట్టె' అంటారు. 1723 నుంచి 1750లో చనిపోయేదాకా ఈ బృందం పిల్లలకు పాట నేర్పింది ప్రసిద్ధ సంగీతకర్త బాఖే. స్కూలు సెలవుల్లో వాళ్ళుండరు, వేరే బృందాలు పాడతాయి. అందుకని బయల్దేరేముందు చర్చి వెబ్‌సైట్‌లో చూసుకోండి.

రెండింటికల్లా గుమ్మం దగ్గరుండండి. చిన్న మొత్తానికి ప్రోగ్రాం పుస్తకం అమ్ముతారు, అదే టికెట్టు. ముందు వరస కోసం తోసుకోవాల్సిన పని లేదు. గాయకులు నిలబడేది వెనక, ఆర్గన్ ఉన్న మేడ మీద. మొదటిసారి నేను ఎదురుగా చూస్తూ కూర్చున్నాను. ఎవరూ కనపడలేదు. ఉన్నట్టుండి వీపు వెనక నుంచి, తల మీదుగా పిల్లల గొంతులు వచ్చి పడ్డాయి. మెడ తిప్పి చూస్తే పక్కన ఒక పెద్దావిడ కళ్ళు మూసుకుని వింటోంది. నేనూ తిరిగి బుద్ధిగా కూర్చున్నాను. పాట ఆగగానే అలవాటు కొద్దీ రెండు చప్పట్లు కొట్టేశాను. చర్చి అంతటా ఆ రెండు చప్పట్లే! ఇది కచేరీ కాదు, ప్రార్థన. మీరు కొట్టకండి.

అయ్యాక వేదిక వైపు వెళితే నేల మీద కంచు ఫలకం కనిపిస్తుంది, దాని మీద బాఖ్ పేరు. ఆయన్ని పాతిపెట్టింది ఇక్కడ కాదు. వేరే చర్చి దగ్గర గుర్తు కూడా లేకుండా పడివున్న అస్థికలను తవ్వి తీసి, 1950లో ఇక్కడికి తెచ్చారు.

3. సాయంత్రం: కాఫీ, కేకు

పాట ముగిసేసరికి సరిగ్గా కేకు వేళ. నాలుగింటికి ఇక్కడివాళ్ళు కాఫీ, కేకు ముందు పెట్టుకుని తీరిగ్గా కూర్చుంటారు. 'లైప్‌జిగర్ లెర్ఖె' అడగండి. లెర్ఖె అంటే భరతపక్షి. ఒకప్పుడు ఆ పిట్టల్నే వేటాడి వండుకు తినేవాళ్ళు. 1876లో ఆ వేటను నిషేధించాక బేకరీవాళ్ళు బాదం ముద్ద నింపిన చిన్న కేకుకి ఆ పేరు పెట్టేశారు. పైన అడ్డంగా వేసే రెండు పిండి పట్టీలు, పిట్టను కట్టిన దారానికి గుర్తు.

4. రాత్రి భోజనం

శాకాహారులకు ఒక హెచ్చరిక. 'లైప్‌జిగర్ అల్లర్‌లాయ్' చూడ్డానికి బఠానీ, క్యారెట్ కూరలా ఉంటుంది, కానీ అసలు పద్ధతిలో అందులో రొయ్యలాంటి క్రేఫిష్ వేస్తారు. వేయించిన బంగాళాదుంపల్లోనూ పంది మాంసం ముక్కలుంటాయి. మాంసం వద్దంటే సరిపోదు, 'ఓనె ష్పెక్' (పంది మాంసం ముక్కలు లేకుండా) అని కూడా చెప్పాలి. నిశ్చింతగా తినాలంటే ఉడికించిన దుంపలు, వడగట్టిన పెరుగులాంటి క్వార్క్, అవిసె నూనె. చప్పగా ఉంటుందనుకుంటే పొరపాటే. కొంచెం ఉప్పు, ఉల్లికాడలు పడితే మన పెరుగుపచ్చడి దారిలోకి వచ్చేస్తుంది.

బీరు తాగేవాళ్ళు 'గోజె' రుచి చూడాలి. అందులో వేసేవి ఉప్పు, ధనియాలు! పుల్లగా, ఉప్పగా ఉంటుంది. మొదటి గుక్కకి నాకు మజ్జిగచారు గుర్తొచ్చింది. బయెరిషర్ బాన్‌హోఫ్ అనే పాత స్టేషన్ భవనంలో దీన్ని అక్కడికక్కడే కాస్తారు. గ్లాసులు కలిపేటప్పుడు ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం మరవకండి. తాగనివాళ్ళకి ఆపిల్ రసంలో సోడా కలిపిన ఆప్ఫెల్‌షోర్లె ఉంది.

బిల్లు 23 యూరోలైతే, డబ్బిచ్చేటప్పుడే "25" అని నోటితో చెప్పండి. టిప్పు ఇచ్చే పద్ధతి అదే, బల్ల మీద చిల్లర వదిలేసి రావడం కాదు. కొన్నిచోట్ల కార్డు తీసుకోరు కాబట్టి జేబులో నోట్లు ఉంచుకోండి.

ఇంకా ఓపికుంటే గెవాంట్‌హౌస్ ఆర్కెస్ట్రా. 1743లో ఈ ఊరి వర్తకులు సొంత డబ్బుతో పెట్టుకున్నది. తర్వాత జవళి వర్తకుల భవనంలో వాయించేవారు గనక ఆ పేరు నిలిచిపోయింది. విద్యార్థి కార్డు ఉంటే తగ్గింపు ఉందేమో అడగండి.

5. ఆదివారం: చెరువు

ఉదయం నికొలాయ్ చర్చి చూడండి. 1989 అక్టోబర్ 9న దాదాపు 70 వేలమంది అప్పటి తూర్పు జర్మనీ ప్రభుత్వానికి నిరసనగా ఇక్కడి వీధుల్లో నడిచారు. సరిగ్గా నెలకి బెర్లిన్ గోడ తెరుచుకుంది.

తర్వాత సైకిల్ అద్దెకు తీసుకుని దక్షిణంగా కోస్పుడెనర్ చెరువుకి వెళ్ళండి. ఇసుక ఒడ్డు, పడవలు, ఈత కొట్టే జనం. ఇది ఒకప్పటి బొగ్గు గని. మన సింగరేణి ఓపెన్‌కాస్ట్ గొయ్యి లాంటి దాన్ని నీళ్ళతో నింపి 2000లో జనానికి తెరిచారు. దారిలో నడిచేవాళ్ళ బాటలోకి సైకిల్ పోనివ్వకండి, గట్టిగానే తిడతారు.

ఒడ్డున తాగిన ప్లాస్టిక్ సీసాకి 25 సెంట్లు డిపాజిట్ ఉంటుంది. ఆదివారం కాబట్టి మార్కెట్లో తిరిగిచ్చే మెషీన్ దొరకదు. మోయడం ఇష్టం లేకపోతే చెత్తడబ్బాలో పడేయకుండా పక్కన నిలబెట్టి వెళ్ళండి. ఏరుకుని అమ్ముకునేవాళ్ళు చెయ్యి లోపల పెట్టాల్సిన పని లేకుండా తీసుకుపోతారు.