సుగ్గికి వెళ్లే ఊళ్లలో రొమ్ము పరీక్షలు చేయించాలంటే

అక్టోబరు రాగానే రొమ్ము క్యాన్సర్ అవగాహన మాసమని శిబిరాలు పెడతారు. మా కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు అదే పత్తి తీతల కాలం. కూలి పోగొట్టుకుని శిబిరానికి ఎవరు వస్తారు? సంక్రాంతి దాటితే ఇళ్లకు తాళాలు పడతాయి. అందరూ గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కోత కూలి పనికి వలస వెళ్తారు. ఆశా కార్యకర్తగా నేను చెప్పేది ఒకటే: తేదీ పెట్టేముందు ఊరి పనిని చూడండి. ఉగాది తర్వాత, తొలకరి విత్తనానికి ముందు పెడితే ఆడవాళ్లు ఊళ్లో దొరుకుతారు.

మైకులో చాటింపు వద్దు, ఇంటింటికీ వెళ్లండి. ముందు అత్తగారితో మాట్లాడండి. కోడలిని పంపమని అడగడం కాదు, "అమ్మా, వయసు పెరిగేకొద్దీ ఈ జబ్బు ముప్పు పెరుగుతుంది, నువ్వూ రావాలి" అనండి. ఆమె బయల్దేరితే కోడలికి అడ్డు చెప్పేవారుండరు.

పొదుపు సంఘం సమావేశానికి చపాతీ పిండి ముద్ద తీసుకెళ్లండి. లోపల ఒక వేరుశనగ గింజ దాచి, చేతులు మార్చుతూ వెతకమనండి. వేలి కొసతో పొడిస్తే దొరకదు. మూడు వేళ్లు ఆనించి గుండ్రంగా నొక్కుతూ పోతే తగులుతుంది. నర్సు చేసే పరీక్ష ఇలాగే ఉంటుందని అప్పుడు చెబితే సగం భయం పోతుంది. 30 ఏళ్లు దాటినవారికి 5 ఏళ్లకోసారి ఈ పరీక్ష ప్రభుత్వమే ఉచితంగా చేయిస్తుంది.

"నొప్పి లేదు కదా, గడ్డ ఉంటే ఏమి?" అనే మాట మీకు ప్రతి ఊళ్లో వినబడుతుంది. దీని దగ్గర ఆగి, ఓపికగా చెప్పండి. క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు, అందుకే ఆలస్యమవుతుంది. చంకలో గడ్డ, చనుమొన లోపలికి పోవడం, రక్తపు చెమ్మ, చర్మం సొట్టపడటం, వీటిలో ఏది కనిపించినా శిబిరం దాకా ఆగకూడదు. గడ్డలన్నీ క్యాన్సర్ కావని కూడా అదే నోటితో చెప్పాలి.

పరీక్షకు గడియ ఉన్న గది కావాలి. కిటికీకి చీర కట్టండి. పరీక్షించేది ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య నర్సు) అక్కో, మహిళా డాక్టరో కావాలి. మగవాళ్లను వరండాలోకి కూడా రానివ్వకండి.

అసలు పని ఆ సాయంత్రం మొదలవుతుంది. గడ్డ తగిలిన మనిషి చేతికి చీటీ ఇచ్చి వదిలేస్తే ఆమె ఆస్పత్రికి వెళ్లదు. బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి, తోడు, మూడూ అడ్డుపడతాయి. ఏ రోజు వెళ్లాలో అక్కడే నిర్ణయించండి. ఆధార్, బియ్యం కార్డు సంచిలో పెట్టించండి. ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్సకు అవి కావాలి. ఎమ్మిగనూరు మీదుగా కర్నూలు పెద్దాసుపత్రికి మీరో, సంఘం లీడరో వెంట వెళ్లండి. ఆమె ఫోను నంబరుతో పాటు కూలీలను సుగ్గికి తీసుకెళ్లే మేస్త్రీ నంబరు కూడా రాసుకోండి. గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష (బయాప్సీ) ఫలితం వచ్చేనాటికి ఆమె గుంటూరులో ఉండవచ్చు.