తుపాకీ మోజు గురిగా మారాలంటే: రేంజ్‌లో మొదటి గంట

తుపాకీ మీద ఆసక్తి ఒకరికి సినిమాతో మొదలవుతుంది, ఒకరికి ఫోన్‌లో ఆడే గేమ్‌తో, ఇంకొకరికి ఒలింపిక్స్ ప్రసారంతో. ఎలా మొదలైనా, మొదటిసారి రేంజ్‌కి (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటికి) వచ్చినవారి మనసు నిండా చప్పుడూ వేగమే ఉంటాయి. రెండోసారి వాళ్ళను రప్పించేది కాగితం మీద ఒకదాని పక్కన ఒకటి పడిన ఐదు చిల్లులు. కొత్తవాళ్ళను తీసుకెళ్ళేవారు మొదటి గంటంతా ఆ ఐదు చిల్లుల కోసమే ఏర్పాటు చేయాలి.

మొదట చేతికివ్వాల్సింది 10 మీటర్ల దూరం నుంచి కాల్చే ఎయిర్ రైఫిల్ (గాలి ఒత్తిడితో పనిచేసే తుపాకీ). అందులో వేసే చిన్న గుండును పెల్లెట్ అంటారు, అది 4.5 మిల్లీమీటర్లది, బరువు సుమారు అర గ్రాము. చప్పుడు తక్కువ, భుజానికి తన్ను దాదాపు ఉండదు. సరదా పడుతున్నారు కదా అని పెద్ద తుపాకీ ఇవ్వకండి. నాలుగైదు గుళ్ళు పేలేసరికి ఒళ్ళు భయం నేర్చుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కబోతుండగానే కళ్ళు మూసుకోవడం, భుజం బిగించడం అలవాటైతే దాన్ని వదిలించడానికి చాలాకాలం పడుతుంది.

గుండు లేని రైఫిల్‌తో జాగ్రత్తలు చెప్పండి. ప్రతి తుపాకీలోనూ గుండు ఉన్నట్టే అనుకోవాలి. గొట్టం ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. కాల్చబోయే క్షణం దాకా వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళకూడదు. టార్గెట్ వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. కొత్తవాళ్ళు చేసే మొదటి తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: గుండు తగలగానే సంబరంగా "పడిందా?" అంటూ వెనక్కి తిరుగుతారు, వాళ్ళతోపాటు గొట్టమూ తిరుగుతుంది. అందుకే నేర్పేవారు ట్రిగ్గర్ చేతివైపు అర అడుగు వెనగ్గా, చేయి చాస్తే గొట్టం అందేంత దగ్గరలో నిలబడాలి. ఒక్కోసారి ఒక్క పెల్లెటే ఇవ్వాలి. "ఆపు" అని ఎవరన్నా, కారణం అడగకుండా వేలు తీసేయాలని ముందే ఒప్పించుకోవాలి. రక్షణ కళ్ళద్దాలు కాల్చేవారికే కాదు, పక్కన చూస్తున్నవారికీ కావాలి.

తర్వాత ఏ కన్ను బలమైనదో చూడాలి. రెండు చేతులూ చాచి, బొటనవేళ్ళ మధ్య చిన్న కంత చేసి, రెండు కళ్ళూ తెరిచి దూరంగా ఉన్న ఒక వస్తువును అందులోంచి చూడమనండి. చూపు తిప్పకుండా చేతుల్ని మెల్లగా ముఖం దగ్గరికి తెచ్చుకుంటే అవి ఒక కంటి మీదికి వచ్చి ఆగుతాయి. ఆ కంటివైపు భుజానికే రైఫిల్ ఆనించాలి. కుడిచేతి వాటమై ఎడమ కన్ను బలమైనదైతే ఎడమవైపునుంచే మొదలుపెట్టించడం మేలు. మొదటిరోజు రెండు వైపులూ కొత్తే కాబట్టి ఇబ్బందేమీ ఉండదు. రెండో కంటిని గట్టిగా మూయించకండి, నల్లగుడ్డా కట్టకండి. ఒక కన్ను చీకట్లో ఉంటే రెండో కంటిపాప కూడా పెద్దదై గురి మసకబారుతుంది. కంటి ముందు చిన్న తెల్ల అట్టముక్క ఉంటే చాలు.

మొదటిరోజు నిలబెట్టి కాల్పించకండి. పోటీల్లో నిలబడే కాలుస్తారు, రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చు. కొత్తవారి చేతులు పది నిమిషాలకే వణుకుతాయి. బల్ల ముందు కూర్చోబెట్టి, రైఫిల్ ముందుభాగం కింద ఇసుకసంచి పెట్టండి. సంచి గొట్టం కిందుండే కట్టె భాగానికి తగలాలి గానీ గొట్టానికి కాదు. తలను రైఫిల్ మీదికి వంచకుండా, రైఫిల్‌నే చెంప దగ్గరికి తెచ్చుకోవాలి. చెంప ప్రతిసారీ అదే చోట ఆనాలి. గొట్టం చివర గురి చూసే వలయంలో (ముందు సైట్) టార్గెట్ నల్లటి చుక్క, దాని చుట్టూ సమానంగా తెల్లటి అంచు కనబడాలి. వలయం మరీ చిన్నదైతే చుక్క కదిలినట్టు అనిపించి కంగారు పుడుతుంది. మొదటిరోజు కాస్త పెద్ద వలయమే వేయండి.

పెల్లెట్ చదునైన తల ముందుకీ, బోలుగా ఉన్న అంచు వెనక్కీ ఉండాలి. తిరగేసి పెట్టేవాళ్ళు చాలామందే ఉంటారు. ఆ అంచు సొట్టపడితే గుండు ఎటో పోతుంది. తప్పు తమదేననుకుని కొత్తవాళ్ళు నిరాశపడతారు. డబ్బా కిందపడి ఉంటే అందులోవి మొదటి గంటకు వాడకండి.

ఊపిరి సగం వదిలి ఆపాలి. గురి కుదిరాక వేలి మొదటి కణుపు మెత్తటి భాగంతో నెమ్మదిగా, తిన్నగా వెనక్కి ఒత్తిడి పెంచుతూ పోవాలి. ఐదారు సెకన్లలో పేలకపోతే దించేసి, ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాలి. పట్టుబట్టి ఆలస్యంగా కాల్చిన గుండే ఎక్కువగా చెడుతుంది. పేలాక కూడా రెండు సెకన్లు చూపు వలయంలోనే ఉండాలి. చిల్లు ఎక్కడ పడిందోనని తల ఎత్తే ఆత్రం ఇక్కడే ఆగాలి. గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కే సాధన చాలా మంచిది, కానీ అందుకు ఏర్పాటున్న మ్యాచ్ (పోటీ) రైఫిల్‌తోనే. స్ప్రింగ్ తోసే పిస్టన్‌తో గాలిని నొక్కే స్ప్రింగ్ రైఫిల్‌ను ఖాళీగా పేలిస్తే ముందు ఆపే గాలి లేక పిస్టన్ బలంగా కొట్టుకుని సీల్ దెబ్బతింటుంది.

ఐదు గుళ్ళు పూర్తయ్యేదాకా సైట్ (గురి చూసే భాగం) సర్దే మరను ముట్టుకోవద్దు. ఒక్క చిల్లు చూసి సరిచేస్తే తర్వాతి గుండు ఇంకోవైపు పోతుంది, దాని వెంట ఇంకో తిప్పుడు. ఐదూ ఒకచోటే పడి మధ్యకు దూరంగా ఉంటే అది మంచి కాల్పు, సైట్ మాత్రమే మార్చాలి. చిల్లులు ఎటు జరగాలో వెనక సైట్‌ను అటే జరపాలి. చిల్లులు నిలువుగా సాగితే ముందు ఊపిరి గమనించండి. అడ్డంగా సాగితే రైఫిల్ పక్కకు వాలుతోందేమో, వేలు పక్కకు తోస్తోందేమో చూడండి. అన్నివైపులా చెదిరితే చెంప ఆనే చోటు మారుతోందన్నమాట.

ఐదు చిల్లులూ ఒక చిన్న నాణెం కింద దాక్కున్న కాగితం చేతికి వచ్చాకే పోటీ లెక్కలు చెప్పండి. పోటీ టార్గెట్ మొత్తం వెడల్పు 45.5 మిల్లీమీటర్లు, మధ్యలో పదిపాయింట్ల చుక్క కేవలం అర మిల్లీమీటరు. ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 60 గుళ్ళకు గంటా పావు సమయం, దశాంశాలతో లెక్కిస్తే ఒక్క గుండుకు గరిష్ఠంగా 10.9 పాయింట్లు. ముందే చెబితే అవి భయపెట్టే అంకెలు, తన కాగితం చేతిలో ఉన్నప్పుడు అవే ఊరిస్తాయి.

నలభై గుళ్ళకు ఆపేయండి, ఇంకా కావాలంటున్నప్పుడే. అలసిన కంటితో కాల్చిన చివరి పది గుళ్ళు ముందువాటిని చెడగొడతాయి. పెల్లెట్లు సీసంతో చేసినవి కాబట్టి ఏదైనా తినేముందు చేతులు చల్లటి నీళ్ళతో, సబ్బుతో కడగాలి, రేంజ్‌లో తినకూడదు. కొనడం గురించి ఆ రోజే అడుగుతారు. కొన్ని నెలలు క్లబ్ రైఫిలే చాలు. ఎయిర్‌గన్‌కు కూడా లైసెన్సు, వయసు నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, అవి తెలుసుకున్నాకే కొనే ఆలోచన చేయాలి. ఆలోగా ఒకే రకం పెల్లెట్ల డబ్బా ఒకటీ, చిల్లులు పడ్డ కాగితాల మీద తేదీ వేసి దాచుకోవడానికి ఒక ఫైలూ ఉంటే సరిపోతుంది.