కొత్త కుక్కపిల్ల ఇంట్లో పడే తిప్పలు: లక్షణం, కారణం, పరిష్కారం

మా కుక్కపిల్ల పండు ఇంటికొచ్చిన రెండో రోజు సాయంత్రం బాల్కనీ గ్రిల్ సందులోంచి తల బయటపెట్టి కింద రోడ్డు చూస్తోంది. మాది విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు. గుండె ఝల్లుమంది. అరిస్తే బెదిరి ముందుకే దూకుతుందేమోనని, చప్పుడు చేయకుండా వెనక నుంచి వెళ్లి రెండు చేతులతో ఎత్తుకున్నాను. దాని మెడ మీది తెల్ల బొచ్చుకి ఎర్రగా తుప్పు అంటుకుని ఉంది. గ్రిల్ కింది కడ్డీని వేలితో నొక్కితే పెయింట్ పెచ్చులా లేచింది, లోపలి ఇనుము పొడిపొడిగా రాలింది.

అప్పటి నుంచి పిల్ల ఏ తిప్పలో పడ్డా, ముందు ఇంట్లో తప్పెక్కడుందో వెతుకుతున్నాను. దాదాపు ప్రతిసారీ దొరికింది. మీరు కూడా పిల్లని తెచ్చే ముందు ప్రతి గదిలో కాసేపు నేల మీద కూర్చుని చుట్టూ చూడండి. మంచం కింద పడిపోయిన బీపీ మాత్ర, సోఫా వెనక ప్లగ్గు, బీరువా కిందికి దొర్లిన కలరా ఉండ నిలబడి ఉంటే కనిపించవు.

గ్రిల్ సందులో తల దూరుస్తోంది

కారణం సందు వెడల్పు, దానికి తోడు తుప్పు. విశాఖలో ఉప్పుగాలికి ఇనుము ఎక్కువ రోజులు ఆగదు. పైన కొత్త పెయింట్ మెరుస్తున్నా, నేల తుడిచిన నీళ్లు నిలిచే కింది మూల ముందు పాడవుతుంది. ప్రతి కడ్డీనీ కింద పట్టుకుని గట్టిగా కదిపి చూడండి. కదిలిన దాన్ని వెల్డింగ్ చేయించాకే మిగతా పని. మీ పిడికిలి పట్టే సందులో చిన్న పిల్ల తల పట్టేస్తుంది, తల పట్టిన చోట ఒళ్లూ జారిపోవచ్చు. పావురాల కోసం కట్టే నైలాన్ వల ఒక్కటే చాలదు, పళ్లతో కొరికేస్తుంది. కింద రెండడుగుల ఎత్తు వరకు యాక్రిలిక్ షీటు గానీ, ప్లాస్టిక్ పూత ఉన్న మెష్ గానీ బిగించండి. కుండీలు, స్టూళ్లు గ్రిల్‌కి దూరంగా జరపండి, వాటి మీదికెక్కి దూకుతుంది.

ఉన్నట్టుండి నోట్లోంచి చొంగ, నురగ

ఇది చూడగానే అందరికీ రేబిస్ అనే టెన్షన్ పట్టుకుంటుంది. అప్పటిదాకా బాగా ఆడుకున్న పిల్లకి నిమిషాల్లో నురగ వచ్చిందంటే, నోట్లో ఏదో పెట్టుకుందేమో ముందు చూడండి.

ఇంటి లోపలైతే మొక్కల్ని అనుమానించండి. మనీ ప్లాంట్, డైఫెన్‌బాకియా ఆకుల్లో సూదుల్లాంటి సన్నని స్ఫటికాలుంటాయి. ఒక్క కొరుకుకే నోరు మండి, చొంగ కారుస్తూ కాళ్లతో మూతి గీరుకుంటుంది. వీటిని పైకెక్కించేస్తే సరిపోతుంది. గన్నేరు, పచ్చ గన్నేరు, ఎడారి గులాబీ అలా కాదు, వాటి విషం గుండె మీద పనిచేస్తుంది. అవి కుండీలో ఉంటే ఇంట్లోంచే తీసేయండి. పూజకి తెచ్చిన గన్నేరు పూలు కూడా కింద రాలనివ్వకండి.

వానాకాలంలో పెరట్లోనైతే కప్ప. పోయిన ఆగస్టులో పండుని పెందుర్తిలో మా అమ్మ దగ్గర వదిలాను. రాత్రి ఎనిమిదింటికి ఫోన్: "ఏట్రా ఇది, దీని నోట్లోంచి నురగలొస్తన్నాయి!" కుళాయి దగ్గర ఒంటినిండా బుడిపెలున్న గోధుమరంగు కప్ప ఉందట. ఆ కప్పలకి కళ్ల వెనక ఉబ్బుగా ఉండే గ్రంథుల్లోంచి పాలలాంటి విషం వస్తుంది. అమ్మకి ఫోన్‌లో చెప్పింది ఇదే: తల కిందికి వంచి పట్టుకో, తడిగుడ్డతో చిగుళ్లు, నాలుక లోపల్నుంచి బయటికి తుడువు, గుడ్డ మళ్లీ మళ్లీ కడుగు, నీళ్లు గొంతులోకి పోయకు. పది నిమిషాలు తుడిచాక నురగ తగ్గింది. అయినా డాక్టరుకి చూపించాం. తూలుతున్నా, చిగుళ్లు బాగా ఎర్రబడినా, ఫిట్స్ వచ్చినా తుడుస్తూ కూర్చోకుండా ఆటో ఎక్కేయాలి.

వైర్లు, చెప్పులు కొరికేస్తోంది

దాదాపు నాలుగో నెల నుంచి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి. 28 పళ్లు పోయి 42 రావాలి, ఏడో నెల దాకా చిగుళ్లు సలుపుతూనే ఉంటాయి. కొట్టడం వల్ల లాభం లేదు. తడిపి ముడేసి ఫ్రీజర్లో పెట్టిన పాత టవల్ ముక్క ఇవ్వండి, మీరు ఎదురుగా ఉన్నప్పుడు మాత్రమే. ఛార్జర్ వైర్లని పీవీసీ పట్టీలో దాచి, వాడనప్పుడు ప్లగ్గు తీసేయండి. షాక్ కొడితే పిల్లని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపండి. తేరుకుని తిరుగుతున్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి, గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది.

వాంతులు, నీరసం, తిండి ముట్టదు

ఇంట్లో ఎవరు ఏం పెట్టారో అడగండి, కోప్పడకుండా అడిగితేనే నిజం చెబుతారు. పాయసంలో కిస్మిస్ కిడ్నీలని దెబ్బతీయొచ్చు. చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్ కూడా పడవు. ఒళ్లు వేడిగా ఉందని మన పిల్లలకిచ్చే పారాసిటమాల్ దానికి వేయడం ఇంకా పెద్ద పొరపాటు. మామిడికాయల రోజుల్లో టెంక మింగితే పేగులో అడ్డం పడుతుంది, ఆపరేషన్ దాకా వెళ్తుంది. పెడల్ తొక్కితే తెరుచుకునే డబ్బా కొని చెత్త అందులో వేయండి. వంజరం ముళ్లు, కోడి ఎముకలు అందులో వేసి కూడా వంటగది తలుపు మూయండి.

ఎలుకల మందు తింటే మాత్రం "బాగానే ఉందిగా" అని ఆగకండి. రక్తం గడ్డకట్టనివ్వని రకమైతే మూడు నాలుగు రోజుల తర్వాతే చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం మొదలవుతుంది, ముందే వెళ్తే విరుగుడుగా విటమిన్ కె ఇస్తారు. ఖాళీ ప్యాకెట్ వెంట తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం, పాలు పోయడం వద్దే వద్దు.

ఏమీ తినకుండానే వాంతులు, రక్తంతో విరేచనాలు అయితే పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. గంటలు లెక్కపెట్టుకోవాల్సిన జబ్బు అది. వీధిలో తొక్కిన చెప్పుల ద్వారా కూడా ఇంట్లోకి వస్తుంది, నెలల తరబడి నేల మీద బతుకుతుంది. ఫినాయిల్‌ని నమ్ముకోకండి, నేల శుభ్రంగా కడిగాక బ్లీచింగ్ నీళ్లతో తుడిచి, ఆరేదాకా పిల్లని వేరే గదిలో ఉంచండి. టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, పదహారో వారం దాకా మూడు నాలుగు వారాలకోసారి వేయిస్తారు. అవి పూర్తయ్యేదాకా బీచ్ రోడ్డు షికార్లు ఆగాలి. మన చెప్పులు గడప బయటే.

కాళ్లు జారి చతికిలబడుతోంది

టైల్స్. ఉక్కపోత రోజుల్లో నేల చెమ్మగిల్లి ఇంకా జారుతుంది, ఎదిగే కీళ్లకి అది మంచిది కాదు. అన్నం పెట్టే చోట, పరిగెత్తే దారిలో పాత యోగా మ్యాట్ గానీ రబ్బరు అడుగున్న పట్టా గానీ పరిచేయండి.

ఒకటే గోకుడు

చెవుల లోపల, వేళ్ల సందుల్లో పిడుదులు వెతకండి. మన తేమకి ఇవి ఏడాది పొడవునా ఉంటాయి. ఒంటి మీద కనిపించేవి కొన్నే, మిగతావి గోడ పగుళ్లలో, మంచం కోళ్ల సందుల్లో దాక్కుంటాయి కాబట్టి గోడ పగుళ్లకి సిమెంటు పూయించండి. కిరసనాయిలు రాయొద్దు. మందు దాని వయసు, బరువు చూసి డాక్టరే రాయాలి.

చివరగా ఒక పని ఇవాళే చేయండి. మీ ఏరియాలో రాత్రి పదింటి తర్వాత తలుపు తీసే పశువుల డాక్టరు ఎవరో కనుక్కుని, ఆ నంబరు ఇంట్లో అందరి ఫోన్లలో వేయండి. మా అమ్మ ఫోన్‌లో అది "పండు డాక్టరు" అని ఉంటుంది.